బండి ఎప్పుడు ఆగుతోందో ముందు చూడండి

మొన్న శుక్రవారం కూర్చున్నప్పుడు బండ్ల గురించి చెప్పిన మాటలు రాసి పెట్టమని చాలామంది అడిగారు. డ్యూటీ పడి రాలేకపోయినవాళ్లకు కూడా పనికొస్తాయని గ్రూపులో పెడుతున్నాం. కాస్త పొడుగే, రాత్రి రూముకు పోయాక తీరిగ్గా చదువుకోండి.

చలికాలం వచ్చిందంటే ఇక్కడ డ్రైవర్లందరిదీ ఒకటే గోస. పొద్దున సెల్ఫ్ కొడితే బండి లేవదు. ఎట్లనో లేస్తే సిగ్నల్ కాడ ఆఫ్ అవుతది. వెనక హారన్లు, ఫోనులో సూపర్‌వైజర్. సరే అని సనాయియాకు తీసుకుపోతాం. వర్షా అతను "ఏమైంది?" అంటాడు. మనం "ఖరాబ్" అంటాం. ఆ ఒక్క మాటతో అతనికి ఏం తెలుస్తుంది? ముందు బ్యాటరీ మారుస్తాడు. పోలేదా, బవాజీలు మారుస్తాడు. అప్పటికీ పోకపోతే పెట్రోల్ పంపు. మూడు ఫాతూరాలు అయినంక బండి మళ్లీ అదే సిగ్నల్ కాడ ఆగుతుంది. ఆ ఖర్చు ఎవరి మీద పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. రిపేరు మనకు రాకపోయినా పర్వాలేదు, బండి *ఎప్పుడు* మొరాయిస్తోందో గమనించడం మాత్రం రావాలి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఎక్కుడులోనా, నిలబడ్డప్పుడా? ఏసీ వేస్తేనా? జబ్బు పేరు సగం అక్కడే తెలిసిపోతుంది.

మొదట సెల్ఫ్ చప్పుడు వినండి. తాళం తిప్పితే "టక్" అని ఊరుకుంటే, లేదా ఇంజన్ మూలుగుతూ మెల్లగా తిరిగితే అది కరెంటు సంగతి. బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినళ్లు చూడండి. తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే, చేత్తో కదిపితే కదిలితే, కొత్త బ్యాటరీ కొనకముందే ఆ టెర్మినళ్లు విప్పి వేడినీళ్లతో కడిగి, ఆరాక గట్టిగా బిగించండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. మీటరు ఉంటే ఇంకా మంచిది. రాత్రంతా నిలిపిన బండికి 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. ఇంజన్ నడుస్తుండగా 13.5 నుంచి 14.5 మధ్య చూపాలి. అది చూపకుండా 12 దగ్గరే ఉంటే దోషం బ్యాటరీది కాదు, డైనమోది. కొత్త బ్యాటరీ వేసినా రెండు రోజుల్లో అదీ పడుకుంటుంది. డైనమో చూడ్డానికి కొందరు ఇంజన్ నడుస్తుండగానే బ్యాటరీ వైరు పీకుతారు. ఎవరైనా మీ బండి మీద ఆ పని చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. ఇప్పటి బండ్లలో దానితో కంప్యూటర్ కాలిపోవచ్చు, అది బ్యాటరీ ధర కాదు.

సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది, కానీ ఇంజన్ అందుకోవడం లేదు. అప్పుడు కరెంటును వదిలేసి పెట్రోల్ వైపు చూడండి. తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా చెవి పెట్టండి. వెనక ట్యాంకు వైపు నుంచి రెండు మూడు సెకన్లు "జుయ్" అని సన్నటి చప్పుడు రావాలి. అది పెట్రోల్ పంపు. చప్పుడే లేకపోతే పంపుగానీ, దాని ఫ్యూజుగానీ, రిలేగానీ. రెండు రియాళ్ల ఫ్యూజు కోసం పంపు మార్పించుకోవద్దు. చప్పుడు వచ్చినా స్టార్ట్ కాకపోతే తాళం ఆన్, ఆఫ్ మూడుసార్లు చేసి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. దానితో లేచిందంటే రాత్రిపూట లైనులో ప్రెషర్ పడిపోతోందన్నమాట, ఆ మాటే వర్షాలో చెప్పండి. ఒక్కసారికి పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు. అర నిమిషం ఆగి మళ్లీ కొట్టండి, లేకపోతే సెల్ఫ్ మోటారు కాలుతుంది.

స్టార్ట్ అవుతుంది, యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటే ఆగదు, కాలు తీస్తే ఆగుతుంది. ఏసీ వేస్తే ఇంకా తొందరగా ఆగుతుంది. ఇది పెట్రోల్ బండ్లలో రోజూ చూసే జబ్బు. థ్రోటిల్‌లో, అంటే ఇంజన్‌కు గాలి పోయే గొట్టం మూతలో మసి పేరుకుపోయి ఉంటుంది. మన సైట్ల దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ కూడా మూసుకుపోతుంది. ఫిల్టర్ విప్పి సూర్యుడి వైపు పెట్టి చూడండి, వెలుగు కనబడకపోతే మార్చేయండి. థ్రోటిల్ శుభ్రం చేయించడం చిన్న పని. దీనికి బవాజీలు, పంపు మార్చేవాళ్లున్నారు, జాగ్రత్త. ఎక్కడైనా "సుయ్" అని గాలి పీల్చుతున్న చప్పుడు వస్తే పగిలిన రబ్బరు గొట్టం కోసం వెతకమనండి.

పొద్దున బాగుంటుంది, గంట నడిచి వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోతుంది, అరగంట చల్లారితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఇలాగైతే ఎక్కువసార్లు క్రాంక్ సెన్సార్ మీద అనుమానం. వర్షాకు చేరేసరికి బండి బాగైపోయి ఉంటుంది కాబట్టి "ఏం లేదు, పో" అంటారు. ఆగిన చోటే ఫోనుతో వీడియో తీసి పెట్టుకోండి. బండి చదునులో బాగుండి ఎక్కుడులో ఊపు లేక దడదడలాడి ఆగితే పెట్రోల్ ఫిల్టరో, పంపు నీరసమో.

డీజిల్ హైలక్స్, డీమ్యాక్స్ నడిపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. తాళం ఆన్ చేయగానే స్ప్రింగు ఆకారంలో లైటు వెలుగుతుంది. అది ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టాలి. అది హీటరు. చలిలో ఆ కొన్ని సెకన్ల ఓపికే సగం రిపేరు. ఫిల్టర్ కింద నీళ్లు చేరితే కూడా బండి ఆగుతుంది, నీళ్లు వదిలించాలి. స్టార్టింగ్ స్ప్రే కొట్టడం మాత్రం హీటరున్న బండికి ప్రమాదం, ఇంజన్ పగిలే పని.

ఇక్కడ చాలామంది అడిగే మాట ఇంకొకటుంది. ఊళ్లో, జిజాన్‌లో బాగా లాగే బండి ఖమీస్‌లో ఎందుకు లాగదు? మనం సముద్రం కంటే దాదాపు 2,000 మీటర్ల ఎత్తులో ఉన్నాం. తిరుమల కొండకు రెట్టింపు పైమాటే. కరీంనగర్ 300 మీటర్లు కూడా ఉండదు. ఇక్కడ గాలి అయిదో వంతు పలచన, ఇంజన్‌కు ఊపిరి అంత తక్కువ. లాగకపోవడం జబ్బు కాదు, ఆగిపోవడం జబ్బు. దీనికి మందని 91 మాని 95 పెట్రోల్ కొట్టించేవాళ్లు డబ్బులు ట్యాంకులో పోసుకుంటున్నట్టే. బండికి 91 చాలని రాసి ఉంటే ఈ ఎత్తులోనూ 91 చాలు.

ఇక అసలు భయం. ఆగిపోయే బండితో అకబా దిగొద్దు. అబహా నుంచి దర్బ్ వైపు దిగే దలా అకబా, ముహాయిల్ వైపు దిగే షఆర్ అకబా మీలో చాలామందికి తెలుసు. మలుపులు, సొరంగాలు, పొగమంచు. 2023 మార్చిలో షఆర్ దగ్గర ఉమ్రా యాత్రికుల బస్సు కాలిపోయి 20 మంది దాకా పోయారు, బ్రేకులు పనిచేయలేదని అప్పుడు వార్తల్లో వచ్చింది. ఇంజన్ ఆగితే బ్రేకుకూ స్టీరింగుకూ సాయం పోతుంది. బ్రేకులో ఒకటి రెండు తొక్కుళ్లకు సరిపడా బలమే మిగులుతుంది. కాబట్టి పదేపదే కొట్టకుండా ఒక్కటే గట్టిగా తొక్కి పట్టండి. తాళం ముందుకే ఉంచండి, తీస్తే స్టీరింగు లాక్ పడుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది కానీ తిరుగుతుంది, రెండు చేతులా లాగండి. గేర్ల బండి అయితే గేరులోనే ఉంచి క్లచ్ వదలండి, ఆగిన ఇంజన్ కూడా బండిని పట్టుకుంటుంది. పక్కకు తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టి, దిగి దూరంగా నిలబడండి. రమ్మని సూపర్‌వైజర్ ఎంత అరిచినా సత్‌హా వచ్చేదాకా అక్కడే ఉండండి.

డబ్బుల మాట. బండి మొదటిసారి ఆగిన రోజే కంపెనీకి మెసేజ్ పెట్టండి. నోటిమాట కాదు, రాతలో. తేదీ, బండి నంబరు, ఎప్పుడు ఆగింది, వీడియో. రేపు ఇంజన్ పోతే "డ్రైవర్ చెప్పలేదు" అనే మాట రాకుండా అదే కాపాడుతుంది. సౌదీ కార్మిక చట్టం 91వ ఆర్టికల్ ప్రకారం పనివాడి తప్పు వల్ల యంత్రం పాడైతేనే జీతంలో కోత పెట్టవచ్చు, అదీ నెలకు ఐదు రోజుల జీతం దాటకూడదు. జీతం 1,500 రియాళ్లయితే నెలకు 250. ఇంకా కావాలంటే కంపెనీయే ఫిర్యాదు పెట్టుకోవాలి. అరిగిపోయిన పంపు మీ తప్పు కాదు. మొత్తం జీతం ఆపితే కార్మిక శాఖ 19911కు చెప్పుకోవచ్చు. ఇంటి డ్రైవర్లకు ఈ చట్టం కాదు, వేరే నియమాలున్నాయి. అలాంటివాళ్లు కోత పడ్డ వెంటనే గ్రూపులో చెప్పండి, కలిసి చూద్దాం. ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం ఎవరూ పెట్టొద్దు.

వర్షాలో చెప్పడానికి నాలుగు మాటలు. పొద్దున లేవకపోతే "సుబహ్ మా తిష్తగిల్". ఆగిపోతుంటే "సయ్యారా తిత్ఫీ". వేడెక్కాక అయితే "ఇదా హార్, తిత్ఫీ". ఏదైనా విప్పకముందే "అవ్వల్ ఫహస్ కంప్యూటర్" అనండి, వచ్చిన కోడ్ ఫోటో తీసుకోండి. మార్చాక "అబ్గా అల్ ఖిత్‌ఆ అల్ ఖదీమా" అని పాత పార్టు అడిగి తీసుకోండి, ఫాతూరాతో కలిపి సంచిలో పెట్టి సూపర్‌వైజర్ చేతికి ఇవ్వండి.