చూపు లేని చేతులు కట్టే గోడ

(శతాబ్ది ఉత్సవముల సందర్భముగా నల్లగండ్ల సంఘములో చేసిన ప్రసంగము)



ఈ శతాబ్ది సంవత్సరములో మన ఆవరణ గోడకు బొమ్మలు వేయించాలని కమిటీలో అనుకున్న సంగతి మీకు తెలుసు. పెయింటరుతో రేటు మాట్లాడుకున్నాము. ఏ బొమ్మ ఎక్కడ రావాలో గీసిన కాగితమును ఒక ఆదివారము ఆరాధన తరువాత అందరికీ చూపించాము. చాలా ఏండ్ల క్రితము చూపు పోగొట్టుకున్న మన పెద్దాయన ఒకరు చెయ్యి చాపి, "అయ్యగారూ, నాకూ ఒకసారి ఇయ్యండి" అన్నారు. ఇచ్చాము. కాగితమంతా వేళ్లతో తడిమి, "నున్నగా ఉంది" అని తిరిగి ఇచ్చారు. ఆయన ఎవరినీ నిందించలేదు. అయినా ఆ మాట మమ్మును ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ దేవాలయమును మనలో చూడనివారు అరుదు. అక్కడి రంగుటద్దాల కిటికీలలో ప్రభువు జననము, సిలువ, ఆరోహణము ఉన్నాయి. ఎండ వెనుక నుండి పడితే అవి వెలుగుతాయి. అక్షరము రానివారికి కూడా అవి ప్రసంగములే. కాని మన పెద్దాయనకు అవి చేతికైనా అందవు.

చూపు లేనివారికి బొమ్మలతో పనేమి అని ఎవరైనా అడగవచ్చు. దీనికి జవాబు బెంగాలులోని శాంతినికేతనములో ఉంది. అక్కడ వినోద బిహారీ ముఖర్జీ అనే చిత్రకారుడుండేవారు. 1904లో పుట్టారు. చిన్ననాటి నుండి ఒక కంట చూపు లేదు, రెండవ కంట బహు తక్కువ. ఆ కంటితోనే 1946-47లో హిందీ భవనము గోడల మీద మధ్యయుగపు భక్తుల జీవితములను చిత్రించారు. వారిలో అంధకవి సూరదాసు కూడా ఉన్నాడు. పదేండ్లు గడిచేసరికి, ఆపరేషను ఫలించక, చిత్రకారునికే ఆ కాస్త చూపు పోయింది.

ఆయన పని మానలేదు. కాగితము మడిచారు, కత్తిరించి అంటించారు, మైనముతో బొమ్మలు చేశారు. 1972లో కళాభవన్ గోడకు పింగాణీ పలకల చిత్రమును సమకూర్చారు. రూపము ఆయన వేళ్లది. దానిని గోడకెక్కించుటకు చూపున్నవారి చేతులు తోడైనాయి. అదే సంవత్సరము ఆయన శిష్యుడు సత్యజిత్ రే ఆయనపై 'ది ఇన్నర్ ఐ' అనే చిన్న సినిమా తీశారు.

ఆయన ఒకప్పుడు చూచినవాడు గనుక చేశాడందురా? వియన్నా నగరములోని అంధుల పాఠశాలలో విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఉపాధ్యాయుడు 1930ల నాటికే చూపు లేని పిల్లల చేతికి మట్టి ఇచ్చి బొమ్మలు చేయించారు. మనము కొలతను బట్టి చేస్తాము. వారు అనుభవమును బట్టి చేశారు. బాధ ఎక్కడ తెలిసిందో అక్కడ బొమ్మ పెద్దదైనది.

మన సంఘము అంధులకు బియ్యమిచ్చింది, బట్టలిచ్చింది, పండుగకు కేకు ఇచ్చింది. అది మంచిదే. కాని ఎప్పుడూ ఇచ్చేవారము మనమే, పుచ్చుకొనేవారు వారే. మీ చేతి పని మాకు కావాలని ఏనాడైనా అడిగామా? వికలాంగులైన కళాకారులకు తోడ్పడాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వములకు చెబుతున్నది. చట్టము కంటె వెనుక నడుచుట సంఘమునకు తగునా?

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో శిష్యులు పుట్టు గుడ్డివానిని చూచి, పాపమెవరిదని చర్చ పెట్టారు. అతనిని పలుకరించినవారు లేరు. ప్రభువు ఆ చర్చను ముగించి మట్టిని చేతిలోనికి తీసుకున్నారు. అంతటితో ఆగక అతనికీ ఒక పని చెప్పారు. కోనేటి వరకు నడిచి, కడుగుకొనవలసినది అతడే.

అందుచేత కమిటీవారితో మాట్లాడి పెయింటరును ఆపించాము. మన సంఘములోని చూపు లేనివారు జేనెడు మట్టి పలకలు చేస్తారు. మట్టి తెచ్చుట, బట్టీలో కాల్పించుట, సిమెంటుతో అతికించుట మన పని. పలకలు చెయ్యి అందే ఎత్తున, రోడ్డు వైపు గోడకే ఉంటాయి. ప్రక్కనే బ్రెయిలీ చుక్కలతో వివరములుంటాయి. ఈ అపార్ట్‌మెంట్లు లేవక ముందటి నల్లగండ్ల చెరువు, బండలు పెద్దాయనకు జ్ఞాపకమున్నాయి. అవి చేస్తానన్నారు. పుట్టుకతోనే చూపు లేని ఒక చెల్లెలు, ప్రభు భోజనపు రొట్టెను పట్టుకున్న చెయ్యిని చేస్తానన్నది.

బిషప్పుగారు వచ్చే నాటికి గోడ అందముగా ఉండవద్దా అని కొందరు మమ్మును అడిగారు. న్యాయమైన ప్రశ్నే. చెరువు వంకరగా రావచ్చును, ఆ చెయ్యి రొట్టె కంటె పెద్దదిగా రావచ్చును. వాటిని చక్కదిద్దే పని మాత్రము మనము పెట్టుకొనవద్దు. బిషప్పుగారు వచ్చినప్పుడు ఆ గోడను చూపించేది మేము కాదు. పెద్దాయనే ఆయన చెయ్యి పట్టుకొని, ఒక్కొక్క పలక మీద పెట్టి చూపిస్తారు.

వచ్చే శనివారము ఉదయము మట్టి వస్తుంది. చూపున్నవారు పాత బట్టలు కట్టుకొని రండి. ప్రభువు మన చేతిపనిని దీవించును గాక. ఆమెన్.