సాక్షి మాట ఎవరు వింటారు?

కోర్టు సినిమా అనగానే బల్ల గుద్ది వాదించే లాయరూ, చివర్లో వచ్చే తీర్పూ గుర్తొస్తాయి. ఈరోజు వాటిని కాసేపు పక్కనపెట్టి, బోనెక్కిన సాక్షిని చూద్దాం. అందుకు మూడు సినిమాలు తీసుకున్నాం.

మొదటిది 1962లో వచ్చిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’. అమెరికాలోని అలబామా, 1930ల కాలం. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ ఒక తెల్ల యువతిపై అత్యాచారం చేశాడని అభియోగం. దెబ్బలు ఆమె ముఖానికి కుడివైపు ఉన్నాయి. అంటే కొట్టింది ఎడమచేతి వాటం మనిషి అయివుండాలి. టామ్ ఎడమ చెయ్యేమో చిన్నప్పుడే పత్తి యంత్రంలో పడి చచ్చుబడింది. లాయరుగా గ్రెగరీ పెక్ ఇదంతా అందరి కళ్ళముందు పెడతాడు. ఆమె పనుల్లో ఎందుకు సాయం చేశావని అడిగితే, జాలేసిందని టామ్ నిజం చెబుతాడు. నల్లవాడు తెల్లపిల్ల మీద జాలిపడటమా? ఆ నిజమే అతని మెడకు చుట్టుకుంది. జ్యూరీ దోషి అని తేల్చింది.

రెండోది 1992 నాటి హాస్య చిత్రం ‘మై కజిన్ విన్నీ’. ఇదీ అలబామానే. దుకాణంలో చేపల డబ్బాకు డబ్బివ్వడం మరిచిన కుర్రాడు, పోలీసులు అడుగుతున్నది దాని గురించేననుకుని ఒప్పేసుకుంటాడు. వాళ్ళు అడుగుతున్నది హత్య గురించి! లాయరుగా వచ్చిన బంధువు విన్నీకి కోర్టులో వాదించిన అనుభవమే లేదు. కడుపుబ్బ నవ్వుతాం. చివరికి కేసు మలుపు తిప్పేది విన్నీ కాబోయే భార్య. ఆమె పనిలేక ఉన్న హెయిర్ డ్రెస్సర్, మెకానిక్కుల ఇంటి పిల్ల. టైరు గుర్తులు చూసి, ఆ కారు వీళ్ళది కాదని తేల్చేస్తుంది. ప్రాసిక్యూటర్ ఒక తిరకాసు ప్రశ్నతో ఆమెను పరీక్షించి, ఆమెకు తెలుసని ఒప్పుకుంటాడు. ఆఖరికి కేసు తనే ఉపసంహరించుకుంటాడు. ఆ పాత్రకు మారిసా టోమీకి ఆస్కార్ వచ్చింది.

ఇప్పుడు చెప్పండి, టామ్ దగ్గర రుజువు తక్కువైందా? లేదు. రెండు కోర్టుల్లోనూ నిజం బయటపడింది. ఒకచోట విన్నారు, ఒకచోట వినలేదు. ఆ కుర్రాళ్ళు తెల్లవాళ్ళు. వాళ్ళ మాట చివరికి వింటారన్న నమ్మకం మనకుంది కాబట్టే నవ్వగలిగాం.

మూడోది మన దేశానిదే. చైతన్య తమ్హానే తీసిన ‘కోర్ట్’, 2014. ముంబైలో ఒక మురుగు కార్మికుడు మ్యాన్‌హోల్‌లో చనిపోతాడు. అతణ్ణి ఆత్మహత్యకు పురికొల్పింది నీ పాటేనంటూ దళిత గాయకుడు నారాయణ్ కాంబ్లేపై కేసు పెడతారు. ఇదే జడ్జి, చేతుల్లేని జాకెట్టు వేసుకొచ్చిందని ఒకామె కేసు వినకుండా వాయిదా వేస్తాడు. నవ్వొస్తుంది, వెంటనే గొంతులో ఆగిపోతుంది. కార్మికుడి భార్య బోనెక్కి, రక్షణ సామగ్రి లేకుండానే భర్త లోపలికి దిగేవాడని నెమ్మదిగా చెబుతుంది. మొత్తం కేసు ఆ మాటల్లోనే ఉంది.

అది సినిమా మాత్రమేనా? కర్ణాటకలోని కె.జి.ఎఫ్.లో, పాకీపని చేసే తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ మీకు తెలుసు. ఆయన సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. తమ దగ్గర ఆ పనే లేదని ప్రభుత్వాలు చెబుతుంటే, చేస్తున్న మనుషుల వివరాలు కోర్టు ముందు పెట్టింది. 2014లో తీర్పు వచ్చింది: 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. 2023లో కోర్టు ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది.

అంటే వినని చెవులూ వింటాయి. కానీ చెప్పేవాళ్ళు ఒంటరిగా ఉండకూడదు. మన పేటల్లోనూ చీపురు పట్టి, మ్యాన్‌హోల్‌లోకి దిగి ఇల్లు నడిపినవాళ్ళున్నారు. వాళ్ళింటి మనిషి పోలీసు స్టేషనుకో కోర్టుకో వెళ్ళాల్సిన రోజు వస్తే, చదువుకున్న మనలో ఒకరు వెంట నడవాలి. కాగితం చదివిపెట్టాలి. తేదీ గుర్తుపెట్టుకోవాలి. వాయిదా పడితే మళ్ళీ వెళ్ళాలి. ఈ సినిమాలు చూసి మనం నేర్చుకోవాల్సింది వాదించడం కన్నా ముందు, సాక్షి పక్కన నిలబడటం.