ఇంట్ల కోడి జావ: ఎట్ల చేయాలి, ఎవరికి పెట్టాలి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో పోషకాహారం అంశం మీద ఒక సంఘం లీడర్ మాట్లాడిన ప్రసంగం)



పొద్దటి నుంచి పొదుపు, బ్యాంకు లింకేజీ, రికవరీ, ఆడిట్ లెక్కలు విన్నం. నన్ను పోషకాహారం మీద పది నిమిషాలు మాట్లాడమన్నరు. నేను చదివింది పదో తరగతి వరకే. విటమిన్ల గురించి పెద్దపెద్ద మాటలు చెప్పే డాక్టర్‌ను కాదు. అందుకని నా చేతికి వచ్చిన ఒక్క వంట గురించే చెప్త. అది కోడి జావ. కోడి తునకలు, బియ్యం కలిపి ఉడికించే పల్చటి జావ. పట్నంల హోటళ్లల్ల చికెన్ సూప్ అని చిన్న కప్పుల పోసి ఇస్తరు చూడండి, దానికి చుట్టమే. కాకపోతే మనది కడుపు నిండే జావ.

వంట గురించి చెప్పనీకి మహాసభ ఎందుకు, మాకు వండ రాదా అని ఎవరన్న అనుకోవచ్చు. వండుడు మనందరికీ వస్తది. మనకు రానిది, మనం తినుడు. నేను చెప్పదలుచుకున్నది అదే.

ఇంట్ల మగాయనకు జ్వరమొస్తె ఆడది వండి పెడ్తది. పిల్లలకు వస్తె వండి పెడ్తది. అత్తకు వస్తె పెడ్తది. మరి ఆమెకే జ్వరమొస్తె? ఆ జ్వరంతోనే లేచి పొయ్యి ముట్టిస్తది. లేకుంటె ఇంత గంజి తాగి పడుకుంటది. ఆదివారం కోడికూర వండిన నాడు సూడండి. ముందు మగవాళ్లకు, తర్వాత పిల్లలకు, వచ్చిన చుట్టాలకు. చివరికి గంజుల మిగిలేది మెడ బొక్క, ఇంత పులుసు. అది మన వాటా. ఎవరో కొట్టి తీసుకున్నది కాదిది, మనమే వడ్డించుకుంట వస్తున్న లెక్క.

ఈ లెక్క ఫలితం సర్కారు సర్వేలనే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల మన తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువ ఉన్నదని తేలింది. ఈ హాల్ల కూసున్న మనల్ని లెక్కపెట్టుకుంటె సగం కంటె ఎక్కువ మందిమి అన్నట్టు. కైకిలికి పోతె దమ్ము వచ్చుడు, మెట్లు ఎక్కితె కండ్లు తిరుగుడు, దాన్నంత మనం వయసు మీద, ఎండ మీద వేస్తం.

ఇగ వంటకు వస్త. నలుగురికి సరిపోయే లెక్క చెప్తున్న, రాసుకునే వాళ్లు రాసుకోండి.

బొక్కలతో ఉన్న కోడి తునకలు అర కిలో. బియ్యం లేదా నూకలు అర గ్లాసు. నీళ్లు ఎనిమిది గ్లాసులు. ఒక ఉల్లిగడ్డ, ఆరేడు ఎల్లిపాయ రెబ్బలు, బొటనవేలు మందం అల్లం ముక్క. పసుపు పావు చెంచా, జీలకర్ర అర చెంచా, దంచిన మిర్యాలు అర చెంచా. ఒక క్యారెట్ లేకుంటె ఇంత సొరకాయ. గుప్పెడు మునగాకు ఉంటె మరీ మంచిది. ఉప్పు, కొత్తిమీర, ఒక నిమ్మకాయ. కారం వద్దు, గరం మసాల వద్దు, నూనె కూడ వద్దు. కోడిల ఉన్న కొవ్వే చాలు.

బియ్యం కడిగి అరగంట నానబెట్టండి. గంజుల కోడి తునకలు వేసి చల్లటి నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టండి. కూరకైతె ముందు నూనెల వేయిస్తం, రుచి తునకలోనే ఉండాలని. జావకు అట్ల కాదు, రుచి నీళ్లలకు దిగాలి. అందుకే చల్లటి నీళ్లతోని మొదలుపెట్టి మెల్లగ కాగనియ్యాలి. మరుగుతుంటె పైన బూడిద రంగు నురుగు తేలుతది. దాన్ని గంటెతోని తీసి పారబోస్తె జావ తేటగ ఉంటది, నీచు వాసన తగ్గుతది. నురుగు తీసినంక ఉల్లిగడ్డ, అల్లం, ఎల్లిపాయ, పసుపు, జీలకర్ర వెయ్యండి. మంట తగ్గించి మూత పెట్టండి. ఫారం కోడి అయితె 40 నిమిషాలల్ల మెత్తబడుతది. నాటుకోడి అయితె గంటన్నర పడ్తది. కుక్కర్ ఉంటె నాటుకోడికి ఏడెనిమిది విజిల్స్ రానియ్యండి.

మెత్తబడ్డ తునకలను బయటికి తీసి, చల్లారినంక బొక్కల నుంచి కండ వలిచి చిన్నచిన్న పీచులు చేయండి. ఈ పని ఓపికగ చేయాలి. చిన్న బొక్క ముక్క ఒక్కటి కూడ జావల ఉండొద్దు. తినేది జబ్బు మనిషి, చిన్న పిల్లలు.

ఇప్పుడు ఆ చారుల నానిన బియ్యం, తరిగిన క్యారెట్ వేసి 20 నిమిషాలు ఉడికించండి. బియ్యాన్ని మొదట్లనే కోడితోపాటు వేస్తె అడుగంటుతది, చారంత జిగురైతది. ఇట్ల తర్వాత వేస్తె జావ జావలెక్కనే ఉంటది. మునగాకు వేసేటట్టయితె చివరి ఐదు నిమిషాలల్ల. వలిచిన కండ మళ్ల అందుల వేసి, మిర్యాల పొడి, ఉప్పు వేసి ఒక పొంగు రానిచ్చి దించండి. నిమ్మరసం మాత్రం పొయ్యి మీద పిండకండి. గిన్నెల పోసుకున్నంక పిండుకోండి. పులుపుల ఉండే సి విటమిన్ మంటకు పోతది, అది ఉంటె ఆకుల్ల ఉన్న ఇనుము ఒంటికి బాగ పడ్తది. జావ తాగంగనే చాయ్ తాగొద్దు. చాయ్ ఆ ఇనుమును ఒంటికి పట్టనియ్యదు. గంట ఆగి తాగండి.

ఇంకొక్క ముఖ్యమైన మాట. మనల్ల చానామంది కోడి ఉడికిన నీళ్లల్లనే బలమంత ఉంటదని, చారు జబ్బు మనిషికి పోసి తునకలు ఇంట్ల మిగతావాళ్లకు పెడ్తరు. అది తప్పు లెక్క. కోడిల ఉన్న మాంసకృత్తులు ఎక్కువ భాగం కండలనే ఉంటయి. వంద గ్రాముల పచ్చి కండల దగ్గర దగ్గర 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటయి. హైదరాబాద్ తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 55 కిలోల ఆడమనిషికి దినానికి 46 గ్రాముల దాకా కావాలి. వట్టి చారు తాగితె గొంతుకు హాయి అనిపిస్తది, ఒంట్ల నీళ్లు తగ్గకుండ ఉంటయి, అంతవరకే. బలం రావాలంటె పీచు చేసిన కండ ఆమె గిన్నెల పడాలి. అందుకే కండను జావలనే కలిపేయమని చెప్తున్న. కలిపినంక ఎవరూ ఏరుకొని తినలేరు కద!

కొన్ని జాగ్రత్తలు. కోడిని నల్లా కింద పెట్టి చిల్లేటట్టు కడగొద్దు. ఆ నీళ్లు పక్కనున్న గిన్నెల మీద, కూరగాయల మీద పడి సూక్ష్మక్రిములు అంటుకుంటయి. కడగాలనుకుంటె గిన్నెల నీళ్లు పోసి మెల్లగ కడిగి, చేతులు, కత్తి, పీట సబ్బుతోని కడుక్కోండి. వండిన జావను రెండు గంటల కంటె ఎక్కువ బయట ఉంచొద్దు, ఎండకాలమైతె ఇంకా తొందరగ తినేయాలి. ఫ్రిజ్ ఉంటె మర్నాటి దాకా పెట్టుకొని, కుతకుత ఉడికేదాక వేడి చేసి తినండి.

ఆరు నెలలు నిండిన పిల్లలకు ఈ జావ పెట్టొచ్చు. కాని వాళ్ల వంతు ఉప్పు, మిర్యాలు వేయకముందే తీసి, మెత్తగ మెదిపి పెట్టండి. ఏడాది నిండేదాక ఉప్పు అక్కర లేదు. బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు తగ్గించండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండ తినొద్దు. ఆపరేషన్ అయిన మనిషికి ఎన్నడు నుంచి పెట్టాలో డాక్టరే చెప్పాలి. విరేచనాలు అయితుంటె ముందు ఓఆర్ఎస్, దాని తర్వాతనే జావ. జావ మందు కాదు. రెండు మూడు దినాలైనా జ్వరం తగ్గకపోతె పీహెచ్‌సీకి తీసుకపోవాల్సిందే.

బాలింతకు కోడి పెడ్తె వేడి చేస్తది, పథ్యం చెడుతది అని ఇంట్ల పెద్దవాళ్లు అంటరు. వాళ్లతోని కొట్లాట పెట్టుకోమని నేను చెప్పను. ఒకటే చెప్పండి: అమ్మా, కారం లేదు, నూనె లేదు, మసాల లేదు, మిర్యాలు, జీలకర్రతోని ఉడికించిందే, మీరు కూడ ఒక గిన్నె తాగి చూడండి. పెద్దవాళ్ల గిన్నెల పోసినంక చానా ఇండ్లల్ల ఆ మాట మెత్తబడింది.

నీచు తిననోళ్లు, శనివారం, శ్రావణం పట్టేటోళ్లు మన సంఘాలల్ల ఉన్నరు. వాళ్లకు ఇదే తీరుగ పెసరపప్పు, బియ్యం జావ చేయొచ్చు. గ్లాసు బియ్యానికి అర గ్లాసు పప్పు తగ్గకుండ వేయండి.

ఇప్పుడు మా సంఘంల జరిగింది చెప్త. మా సభ్యురాలు ఒకామెకు గర్భసంచి ఆపరేషన్ అయ్యింది. భర్త పట్నంల పనికి పోయిండు, ఇంట్ల ఇద్దరు చిన్న పిల్లలు. వారం మీటింగ్‌ల ఆమె కిస్తు గురించి మాట వచ్చింది. మనిషి పడుకుంటె కిస్తు కూడ పడుకుంటది కద. అప్పుడు ఒక పెద్దక్క లేచి అన్నది, కిస్తు సంగతి తర్వాత, ఆమె ఏం తింటున్నదో ఎవరన్న చూసిండ్రా అని. ఎవరం చూడలే.

ఆ దినమే తీర్మానం పుస్తకంల రాసుకున్నం. పది మందిమి వంతు పెట్టుకున్నం, దినానికి ఒకరు. బియ్యం ఇంటికో పిడికెడు. వారానికి రెండుసార్లు కోడి జావ, మిగతా దినాలు గుడ్డు లేకుంటె పప్పు జావ. కోడి ఖర్చు అందరం పంచుకున్నం. ఎవరింట్ల వండింది ఎవరు తింటరు అనే మాట కూడ వచ్చింది. దాచిపెడ్తె ఏం లాభం, మన ఊర్లల్ల ఆ మాట ఇంకా పోలేదు. ఆమెనే అన్నది, నాకు ఎవరు తెచ్చినా సరే, ముందు నా పిల్లలకు ఇంత పెట్టండి అని. ఆ మాటతోని అందరం చప్పుడు చేయలే. అప్పటి సంది మా సంఘంల ఎవరు మంచాన పడ్డా ఈ వంతు నడుస్తున్నది. ఆమె కోలుకొని పనికి పోయింది, ఆగిన కిస్తులు కట్టింది. కిస్తు వచ్చిందని కాదు నా సంతోషం. ఆపతిల సంఘం అప్పుకే కాదు, అన్నానికి కూడ ఉన్నదని మాకు తెలిసింది.

కోడి ధర మీద మాట వస్తది కాబట్టి ఇంకొకటి. పెరట్ల జాగ ఉన్నవాళ్లు నాలుగైదు కోళ్లు పెంచుకోండి. హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ జాతులు పెరటికి పనికొస్తయి. గ్రామప్రియ గుడ్లకు మంచిది, వనరాజ గుడ్లకు, మాంసానికి రెండింటికీ. కొక్కెర తెగులు టీకా మాత్రం తప్పకుండ వేయించండి, లేకుంటె ఆ తెగులు వచ్చిందంటె గంప ఖాళీ అయితది. గుడ్లు అమ్ముకోండి, కాని అన్నీ అమ్ముకోకండి. దినానికొకటి ఇంట్ల ఆడమనిషి తినాలి.

ఆఖరుగ గ్రామ సంఘాలకు నా మూడు విన్నపాలు. ఒకటి, వచ్చే నెల మీటింగ్‌ల ప్రతి సంఘం ఈ వంతు గురించి తీర్మానం రాసుకోవాలి, ఎవరు పడుకుంటె ఎవరు వండాలో ముందే పేర్లు రాసి పెట్టుకోవాలి. రెండు, సభ్యులందరం పీహెచ్‌సీల రక్తం పరీక్ష చేయించుకోవాలి. మామూలు ఆడవాళ్లకు 12, గర్భిణికి 11 కంటె తక్కువ ఉంటె రక్తహీనత కింద లెక్క. తక్కువ ఉంటె ఐరన్ గోలీలు వేసుకోవాలి, ఒక్క జావతోని అది నిండదు. మూడు, కోడి వండిన నాడు మనకు కూడ ఒక మంచి తునక ముందే తీసి పెట్టుకోవాలి. ఇది తీర్మానం పుస్తకంల రాసేది కాదు, ఎవరింట్ల వాళ్లు అమలు చేసేది.

భోజనాల టైం అయ్యింది, మీకు ఆకలి అయితున్నదని తెలుసు. ఈ ఒక్క దినమన్న అందరం వరసల ముందు నిలబడి, వేడి వేడి అన్నం తిందాం.