చరిత్ర పాఠంలో ఆడవాళ్ల సాక్ష్యం
(కొత్తగా చేరిన టీచర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)



తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్ని (1946-51) ఆరు పీరియడ్లలో చెప్పాలనుకుందాం. పాఠ్యపుస్తకం ఒక్కటే పట్టుకుంటే పిల్లలకు తేదీలూ, నాయకుల పేర్లూ మిగులుతాయి. అందుకే యూనిట్‌ను ఒక ప్రశ్న చుట్టూ అల్లమంటాను: ఈ పోరాటంలో ఆడవాళ్లు ఏం చేశారు? వాళ్లకు ఏం దక్కింది?

మొదటి రెండు పీరియడ్లు పుస్తకానికి, పటానికి, వెట్టిచాకిరీకి. మూడోది పాలకుర్తి చాకలి ఐలమ్మకు: విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ఆమె తన పంటను ఎలా నిలుపుకుంది? తర్వాతి రెండు, స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’కు. అందులో పోరాడిన స్త్రీలే మాట్లాడతారు. ఉద్యమం ఆగాక తిరిగి ఇంటికే పరిమితం కావలసి వచ్చిన బాధనూ దాచుకోరు.

ఆ మాటల్నీ పరీక్షించమనండి. ఎవరు, ఎన్నేళ్ల తర్వాత, ఎవరికి చెబుతున్నారు? జ్ఞాపకం పొరబడవచ్చు. కానీ సర్కారు కాగితం రాసినవాడికీ ఒక పక్షం ఉంటుంది.

ఆఖరి పీరియడ్‌కు పిల్లలు ఇంట్లో ఒక్క సంగతి కనుక్కుని రావాలి: మన ఊళ్లో భూమి పట్టాలు ఎందరు ఆడవాళ్ల పేరున ఉన్నాయి?

ఆ జవాబుతో చరిత్ర పాఠం హక్కుల పాఠమవుతుంది.