మట్టిబాట నేర్పే పాఠం



బల్లార్‌పూర్ నుంచి వర్ధా నది వంతెన దాటి రాజురా వెళ్ళే రోడ్డు మీలో చాలామందికి తెలిసిందే. లారీల నుంచి రాలిన బొగ్గు పొడి మీద తొలకరి జల్లు పడిందంటే తారు రోడ్డు సబ్బు రాసినట్టు తయారవుతుంది. అటువంటి చోట బండి వెనక చక్రం జారితే మనం కంగారుపడి బ్రేకు ఇంకా గట్టిగా తొక్కుతాం. పడేది అప్పుడే. ఈ మాట చెబుతున్న నేను కూడా అలా మోచేయి చెక్కుకున్నవాణ్ణే.

కంగారు పడకుండా ఉండడం ఒకరు చెబితే వచ్చేది కాదు. శరీరానికి అలవాటు కావాలి. ఆ అలవాటు మట్టిలో బండి నడిపితే వస్తుంది. అమెరికాకు చెందిన కెన్నీ రాబర్ట్స్ మట్టి ట్రాకుల మీద రాటుదేలినవాడు. తర్వాత తారు ట్రాకుకు వచ్చి 1978, 1979, 1980 సంవత్సరాల్లో వరుసగా 500 సీసీ ప్రపంచ విజేత అయ్యాడు. ఇటలీ రేసర్ వాలెంటినో రోస్సీ తన ఊరు తవుల్లియా దగ్గర సొంతంగా మట్టి ట్రాకు ఏర్పాటు చేసుకుని, కుర్ర రేసర్లతో కలిసి సాధన చేశాడు.

దీనికి కారణం ఏమిటి? మట్టి మీద టైరుకు పట్టు తక్కువ. తక్కువ వేగంలోనే చక్రం జారుతుంది. జారడం ఎలా మొదలవుతుందో, ఎలా సర్దుకుంటుందో మళ్ళీ మళ్ళీ అనుభవంలోకి వస్తుంది. తారు మీద పెద్ద వేగంలో ఇది నేర్చుకునే వ్యవధి ఉండదు.

మట్టి నేర్పేవి ముఖ్యంగా మూడు. చూపు ముందు చక్రం మీద కాక, వెళ్ళవలసిన చోట ఉండాలి. హ్యాండిల్‌ను బిగబట్టకుండా, ట్యాంకును మోకాళ్ళతో పట్టుకోవాలి. బ్రేకు, యాక్సిలరేటరు ఒక్కసారిగా కాక మెల్లమెల్లగా వాడాలి. బ్రేకు వల్ల వెనక చక్రం జారితే, ఆ బ్రేకును కొద్దిగా వదలాలి.

అయితే అన్నీ తారుకు పనికిరావు. మట్టి మలుపులో బండిని వంచి, మనం నిటారుగా ఉంటాం. తారు ట్రాకు మీద రేసర్ శరీరాన్ని కూడా మలుపు లోపలివైపుకే వంచుతాడు. మట్టిలో ముందు బ్రేకు సున్నితంగా వాడాలి. పొడి తారు మీద బండిని ఎక్కువగా ఆపేది ఆ ముందు బ్రేకే.

సాధనకు అడవి బాటలు, పంట చేలు వద్దు. అనుమతి ఉన్న ఖాళీ మైదానం చూసుకోండి. హెల్మెట్, బూట్లు, చేతి తొడుగులు వేసుకోండి. ఒక్కరే వెళ్ళకుండా తోడు తీసుకువెళ్ళండి. ఇరవై కిలోమీటర్ల వేగం చాలు.

యువ శ్రోతలకు ఒక్క మాట. పోటీ సరదా ఉంటే అది రేసు ట్రాకు మీదే తీర్చుకోవాలి. రాజురా రోడ్డు మీద మీకు ఎదురుగా వచ్చేవాడు రాత్రి షిఫ్టు దిగి, నిద్రకళ్ళతో ఇంటికి పోతున్న మనిషి కావచ్చు. మీ కోసం ఇంట్లో చూస్తున్నట్టే, అతని కోసం కూడా ఎదురుచూసేవాళ్ళు ఉంటారు.

సెలవు.