చక్రమునకు తగిన టైరు

కారు టైరు ప్రక్కభాగమున అచ్చుపడియుండు అంకెలను చదువు అలవాటు మనలో చాలమందికి లేదు. మేమును అట్టివారమే. గత వర్షాకాలమున మా మేనల్లుడు ఒక పాత కారు కొని, మా అక్కగారిని, మమ్మును, మరి ఇద్దరు బంధువులను ఎక్కించుకొని తెనాలి నుండి విజయవాడకు బయలుదేరిన నాటివరకు ఆ అంకెలతో మాకు పని పడలేదు.

కారు 2018వ సంవత్సరపు మారుతీ స్విఫ్టు. చూచుటకు ముచ్చటగానే యుండెను. పూర్వపు యజమాని ఎవరో యువకుడట; బండిని 40 మిల్లీమీటర్లు క్రిందికి దింపించి, కంపెనీవారి చక్రములు తీసివేసి, 17 అంగుళముల అలాయ్ చక్రములు వేయించెను. నేలను తాకుచున్నదా యన్నట్లుండు ఆ రూపమునకే మా వాడు మనసుపడి కొనెను. ఊరు దాటకమునుపే, మలుపు తిరిగినప్పుడెల్ల ఎడమవైపు ముందు చక్రము కడ బరబరమను చప్పుడు వినవచ్చెను. కొంతదూరము పోవునప్పటికి రబ్బరు కాలిన వాసన. "ఏం లేదు మామయ్యా, బరువెక్కువైంది, అంతే" అనెను. ఐదుగురి కొరకు చేసిన కారులో ఐదుగురు కూర్చున్నచో అది అధిక బరువెట్లయినది? విజయవాడ చేరిన పిమ్మట ఆటోనగరులో మాకు తెలిసిన వృద్ధ మెకానిక్కు కడకు పోయి ఈ ప్రశ్ననే అడిగితిమి. ఆయన నోటితో జవాబు చెప్పక, ఒక టేపును, ఒక సుద్దముక్కను తెచ్చెను. ఆ మధ్యాహ్నము మేము నేర్చుకొన్నదే ఈనాటి ప్రసంగము.

మొదట అంకెల మాట. ఆ కారులో పై తరగతి నమూనాకు కంపెనీవారు వేసిన టైరు 185/65 ఆర్ 15. ఇందు 185 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనగా ఆ వెడల్పులో నూటికి 65 వంతులు టైరు గోడ యెత్తు అని అర్థము. సుమారు 120 మిల్లీమీటర్లు. 'ఆర్' అనునది రేడియల్ అల్లికకు గుర్తు. 15 అనునది రిమ్ము వ్యాసము, అంగుళములలో. ఒక్క పేరులో మిల్లీమీటర్లు, నూటికి వంతులు, అంగుళములు మూడును కలిసియుండుట విచిత్రమే గాని, లోకము దీనికి అలవాటుపడిపోయినది. పూర్వము మన అంబాసిడరు టైరు మీద 5.90-15 అని మాత్రముండెడిది; రెండును అంగుళములే. ఆ టైర్ల గోడ యెత్తు ఇంచుమించు వెడల్పునకు దగ్గరగా నుండుటచే దానిని వేరుగ చెప్పవలసిన అవసరము లేకపోయెను.

15 అంగుళములనగా 381 మిల్లీమీటర్లు. దానికి పైన ఒక గోడ, క్రింద ఒక గోడ కలుపగా చక్రము మొత్తము వ్యాసము 621.5 మిల్లీమీటర్లగును. అదే కారు క్రింది తరగతి నమూనాలకు 165/80 ఆర్ 14 టైర్లు వేసిరి. లెక్క కట్టి చూచినచో 619.6. తేడా రెండు మిల్లీమీటర్లైనను లేదు. రిమ్ము అంగుళము పెరిగినప్పుడు గోడను ఆ మేరకు తగ్గించి, మొత్తము వ్యాసము మారకుండ కాచుకొనుటలోనే ఉన్నది కిటుకంతయు. 16 అంగుళముల రిమ్ము కావలెనన్నవారికి 195/55 సరిపడును, వ్యాసము 620.9. 205/55 కూడ 16 అంగుళములదే, అంగడిలో విరివిగా దొరకునదే. కాని అది 632 మిల్లీమీటర్లు వచ్చును. దింపిన కారు మడ్‌గార్డులో దానికి చోటెక్కడిది?

మా వాని కారునకుండినవి 195/40 ఆర్ 17. వ్యాసము 588 మిల్లీమీటర్లు మాత్రమే. నూటికి ఐదు వంతులకు పైగా తక్కువ. మూడు వంతులను మించి తేడా యుండరాదని ఈ పని తెలిసినవారందురు. టైరు చిన్నదైనచో చక్రము ఎక్కువ చుట్లు తిరుగును. మీటరు గంటకు 100 కిలోమీటర్లని చూపుచున్నప్పుడు కారు పోవునది 95 లోపే. నిజముగా 1000 కిలోమీటర్లు నడచినచో మీటరు 1057 వ్రాసికొనును. పాత కారు కొనువారు కిలోమీటర్లు చూచి బేరమాడుదురు గదా; ఇచ్చట అమ్మినవాడే మోసపోయెనని మేము నవ్వితిమి. మెకానిక్కు నవ్వలేదు.

ఆయన చూపినది టైరు మీద పరిమాణము తరువాతనుండు మరియొక అంకె. అది బరువు సూచిక. కంపెనీవారి 185/65 టైరునకు 88 అని యుండును. ఒక్కొక్క టైరు 560 కిలోగ్రాములు మోయగలదని అర్థము. 14 అంగుళముల టైరునకు 85. అది 515 కిలోగ్రాములు. ఈ కారు టైర్ల మీద 81 అని యుండెను. అనగా 462 కిలోగ్రాములు. ఒక్కొక్క చక్రము కడ 98 కిలోగ్రాముల శక్తి తగ్గినదన్నమాట. రాచుకొనకుండుటకని టైరును చిన్నది చేయువారు ఈ అంకెను చూడరు. పైగా గోడ యెత్తు 120 నుండి 78కి దిగినది. గోతిలో పడినప్పుడు దెబ్బ కాచుకొనునది ఆ గోడలోని గాలియే. అది లేనిచోట రిమ్ము వంగును, లేదా గోడ లోపలి దారములు తెగి బొబ్బ లేచును.

ఇంత చిన్న టైరు వేసియు రాపిడి ఎందులకు తప్పలేదు? తప్పు టైరు ఎత్తులో లేదు, రిమ్ములో ఉన్నది. రిమ్మునకు వ్యాసము గాక వెడల్పు, ఆఫ్‌సెట్ అని మరి రెండు కొలతలు కలవు. రిమ్ము నడిమి గీతకును, హబ్బునకు బిగించు తలమునకును మధ్యనుండు దూరమే ఆఫ్‌సెట్. అది తగ్గిన కొలది చక్రము బయటికి వచ్చును. 5.5 అంగుళముల వెడల్పు, 45 ఆఫ్‌సెట్ గల రిమ్మును తీసి, 7 అంగుళముల వెడల్పు, 35 ఆఫ్‌సెట్ గలది వేసినామనుకొందము. వెడల్పు 38 మిల్లీమీటర్లు పెరిగినది. అందు సగము, 19, ఇరుప్రక్కల పోవును. ఆఫ్‌సెట్ తగ్గినందున మరి 10 బయటికి. కావున రిమ్ము బయటి అంచు 29 మిల్లీమీటర్లు మడ్‌గార్డు వైపు జరిగినది. లోపలి అంచు స్ప్రింగు వైపు 9 జరిగినది. రోగము ఆఫ్‌సెట్‌ది, మందు టైరునకు వేసిరి.

టైరు వెడల్పు కూడ రిమ్ము వెడల్పును బట్టియే ఎంచుకొనవలెను. 185/65 టైరు 5 నుండి 6.5 అంగుళముల రిమ్ములకును, 195/55 టైరు 5.5 నుండి 7 అంగుళముల రిమ్ములకును తగును. కొందరు సన్నని టైరును వెడల్పు రిమ్ము మీదికి సాగదీసి ఎక్కింతురు. చూచుటకది వారికి సొగసట. మలుపులో ప్రక్కకు త్రోపు కలిగినప్పుడు టైరు అంచు రిమ్ము నుండి ఊడిపోయినచో, ట్యూబు లేని టైరులో గాలి క్షణములో పోవును. దీని గూర్చి ఇంతకంటె చెప్పనవసరము లేదు.

ఇక క్రిందికి దించుట. కంపెనీ లెక్క ప్రకారము ఆ స్విఫ్టు పొట్ట నేలకు 163 మిల్లీమీటర్ల ఎత్తున ఉండును. దించుట వలన 40, టైరు చిన్నదగుట వలన 17 పోగా మిగిలినది 106. అదియును ఎవరును ఎక్కక మునుపు. 1988లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు నిర్దేశించిన స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల పొడవుతో, నున్నని గుండ్రమున ఉండవలసియుండెను. అట్టిదాని మీద నాలుగు చక్రములును ఒకేసారి నిలుచును గనుక, పొట్ట క్రిందికి పొడుచుకొనివచ్చునది 4.5 సెంటీమీటర్లకు మించదు. కాని మన ఊళ్లలో ఇంటింటి ముందు వేయు జానెడు వెడల్పు దిమ్మలకు ఈ లెక్క తెలియదు. 106 మిల్లీమీటర్ల పొట్టకు 100 మిల్లీమీటర్ల దిమ్మ ఎదురైనచో, లోన ఐదుగురు కూర్చున్నప్పుడు ఏమగునో ఆనాటి ప్రయాణములో మూడుమార్లు వింటిమి.

అంతేకాదు. స్ప్రింగు కురుచయైనప్పుడు చక్రము పై అంచు లోపలికి వ్రాలును; టైరు లోపలి అంచు త్వరగా అరిగిపోవును. బయట నిలిచి చూచువారికి మాత్రము టైరు క్రొత్తదిగానే కన్పించును. మెకానిక్కు మా వానిని నేలమీద పండుకొని చూడుమనెను. వాడు లేచి మాటాడక నిలిచెను. లోపలి అంచున తీగెలు బయటపడియుండెను. స్ప్రింగులు కురుచవిగా చేసి వేసినవి కావు, కంపెనీవారివాటినే కోసివేసిరి. చక్రము గాలిలోనికి లేచినప్పుడు అట్టి స్ప్రింగు తన పీటము నుండి జారిపోవచ్చునట.

చట్టము మాటయును ఒకటి కలదు. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు దానినే గట్టిగా పలికెను.

అయినను మా వానికి ఆ రూపముపై మోజు తీరలేదు. మొదట రిమ్ములు మాత్రము మార్చెను: 16 అంగుళములవి, 6 అంగుళముల వెడల్పు, 45 ఆఫ్‌సెట్, వాని మీద 195/55 టైర్లు, బరువు సూచిక 87. స్ప్రింగుల మాట తరువాత చూతమనెను. మెకానిక్కు వాదింపక పరీక్షకు పూనుకొనెను. ఇది ఎవరైనను చేసికొనవచ్చును. మడ్‌గార్డు లోపలి అంచునకు సుద్ద రాసి, కారులో ఐదుగురిని కూర్చుండబెట్టి, ముందు చక్రము నొకదానిని దళసరి చెక్క మీది కెక్కించి, స్టీరింగును ఈ కొస నుండి ఆ కొసకు త్రిప్పవలెను. రెండవ ప్రక్కయు అట్లే. దిగి చూచినచో ఎడమ టైరు భుజము మీద సుద్ద చారలు తెల్లగా కనబడెను. టైరు సరియైనదే, రిమ్మును సరియైనదే. అవి మెదలుటకు కావలసిన చోటును దించుట తినివేసినది.

మా వాడు వారము దినములు మా ఇంటికి రాలేదు. ఎనిమిదవనాడు కంపెనీ స్ప్రింగులు వేయించుకొని, సుద్ద పరీక్ష మరల చేయించి, కారుతో వచ్చెను. మొదట కొన్ననాటి కంటె బండి మూడు వేళ్ల ఎత్తు పెరిగినది. వానికది ఎద్దుబండి వలె కన్పించుచున్నదట. మా అక్కగారు మాత్రము తలుపు తీసికొని, ఎవరి చేయియు పట్టుకొనక దిగి, "ఇప్పుడు మోకాళ్లు పట్టెయ్యటం లేదురా" అని లోపలికి పోయెను.