పాత జేబురివాల్వరు – దాని వెల

మన గోదావరి మండలములలో వాటాలు పంచుకొనుటకై తాతలనాటి భోషాణము తెరచినపుడు, పట్టుగుడ్డలో చుట్టిన చిన్న రివాల్వరు బయటపడినదనుకొనుడు. ఇంటివారికి మొదట తోచునది దానిని చింతపండుతో, ఇటుకపొడితో తళతళలాడునట్లు తోముట. వెలలో పెద్దభాగము అక్కడనే పోవును. సముద్రపుగాలి తగులు ఈ లంకభూములలో ఇనుము త్వరగా తుప్పుపట్టు మాట నిజమే. కాని తుప్పుకన్న తోముడు ఎక్కువ కీడు. ఉక్కుపై నిలిచిన తొలినాటి నీలివన్నెకే సేకర్తలు ధర కట్టుదురు. పైగా ముద్రలరిగినచో దాని పుట్టుక చెప్పు సాక్షి ఉండదు. నూనెగుడ్డ చాలును. మీట మాత్రము ముట్టరాదు. నూరేండ్లనాటి తూటాయైనను పేలవచ్చును.

అటువంటి వస్తువునకు తోడుగా ఒక కథ కూడ ఉండును. ధవళేశ్వరము ఆనకట్ట కట్టుచున్న రోజులలో దొరగారు మా ముత్తాతకు బహూకరించిరని చెప్పుదురు. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. గొట్టముపై ‘బ్రిటిష్ బుల్‌డాగ్’ అని చెక్కియున్నచో ఆ కథ నిలువదు. ఇంగ్లండులోని వెబ్లీవారు ఆ జేబురివాల్వరును 1872లోగాని తేలేదు. తూటాలచక్రముపై కోడిగ్రుడ్డువంటి గీతలో ఇ, ఎల్, జి అక్షరములు, నక్షత్రము కనబడినచో అది వెబ్లీవారిదియు కాదు. బెల్జియమునందలి లియేజి పట్టణమున పరీక్షింపబడిన వస్తువది. ఆ నగరమున బుల్‌డాగునకు నకళ్లు విస్తారముగా తయారైనవి. గీతపై కిరీటమున్నచో 1893 తరువాతిది. ఈ నకలుకు అసలు వెబ్లీ ధర రాదు.

కొందరు గొట్టముపైనున్న కలకత్తా దుకాణము పేరే చేసినవారి పేరని భ్రమింతురు. కలకత్తా రోడా కంపెనీవారు ప్రధానముగా దిగుమతి చేసి అమ్మినవారు. 1914 ఆగస్టు 26న వంగదేశపు విప్లవకారులు అపహరించిన 50 మౌజరు పిస్తోళ్లు వారికి వచ్చిన సరకే.

గొట్టము, చక్రము, చట్రములపై ఒకే సంఖ్య ఉండుట మేలు. ముత్తాతగారి పాత లైసెన్సు కాగితమున ఆ సంఖ్యయే కనబడినచో ఇంకను మేలు. నా దృష్టిలో అట్టి కాగితము ముందు దంతపు పిడికూడ తక్కువదే.

విదేశపు వేలముపాటల ధర విని ఆశపడరాదు. నూరేండ్లు దాటిన పురావస్తువును ప్రయివేటు వ్యక్తులు దేశము దాటించుటను 1972 నాటి చట్టము నిషేధించినది. ఇక 1959 నాటి ఆయుధచట్టము 45వ సెక్షను పాత ఆయుధమునకు మినహాయింపు నిచ్చినమాట నిజమే; అయితే మరమ్మతు చేసినను పేలనిదై యుండవలెను. అది పేలునో పేలదో తేల్చువారు ఇంటివారు కారు. తరువాతి కాలమున నిబంధనలును మారినవి. కావున రివాల్వరును సంచిలో వేసికొని బస్సెక్కవద్దు. ముద్రలను, సంఖ్యను కాగితముపై వ్రాసికొని, ముందుగా ఠాణాలోనో కలెక్టరు కచ్చేరీలోనో తెలియజేయుడు.